వాపస్ అడిగిన మాట కోసం కొల్లాపూర్ దాకా

ఫోన్ చేసింది రహీమా ఖాలా కోడలు షాహీన్. నల్లగొండలో మా ఇంట్లో నేనప్పుడు పచ్చిపులుసు కలుపుకుంటున్నాను.

"మేడం, మా అత్తమ్మ మీకు చెప్పిన మాట వాపస్ తీస్కుంటదంట. ఒక్కసారి రమ్మంటున్నది."

"ఏ మాట షాహీన్?"

"గదే, ఊరు మర్చిపోయిన అన్న మాట."

పులుసులో ఉప్పు వేశానో లేదో గుర్తు రాక రెండోసారి వేశాను. ఆ పూట తిండి అట్లా పాడైంది.

నేనెందుకంత కంగారుపడ్డానో తెలియాలంటే ముందు నా పనేమిటో చెప్పాలి. డిగ్రీ కాలేజీలో సమాజశాస్త్రం చెబుతాను. సెలవులొస్తే మనుషుల దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు వింటాను. ఇంటింటికీ తిరిగి ఎంతమంది అవునన్నారు, ఎంతమంది కాదన్నారు అని టిక్కులు పెట్టే సర్వే కాదు మాది. ఒక మనిషి ఒక మాట ఎందుకన్నాడు, తన బతుకును తాను ఎట్లా అర్థం చేసుకుంటున్నాడు అని వెతికే పని. విన్నది రికార్డు చేస్తాం, ఇంటికొచ్చి అక్షరం పొల్లుపోకుండా రాస్తాం, ఒక తీరు మాటలన్నీ ఒక దగ్గర చేరుస్తాం, వాటికొక అర్థం చెబుతాం. చివరికి ఆ అర్థాన్ని చెప్పినవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళి "ఇదేనా నువ్వన్నది?" అని అడుగుతాం. కాదంటే దిద్దాలి. తీసెయ్యమంటే తీసెయ్యాలి. పుస్తకం అచ్చయ్యేదాకా మాట చెప్పినవాళ్ళదే, మనది కాదు.

ఊరు వదిలినవాళ్ళు, ఊరు మునిగినవాళ్ళు "మా ఊరు" అన్నప్పుడు ఏమనుకుంటారన్నది నా పుస్తకం. అందులో నడిమి అధ్యాయం పేరు 'మర్చిపోవడం'. అదంతా రహీమా ఖాలా చెప్పిన ఒక్క మాట మీదే నిలబడింది. శ్రీశైలం డ్యామ్ నీళ్ళలో ఊరు పోయిన మనిషి, "నేను ఎప్పుడో మర్చిపోయిన" అని నవ్వుతూ అన్న మాట. అందరూ ఏడ్చిన చోట ఒక్కతి నవ్వింది కదా అని ఎంత మురిసిపోయానో! ఇప్పుడు ఆ మాటే వాపస్ ఇమ్మంటే కోపం రాదా? వచ్చింది. అయినా సంచి సర్దాను.

మా ఆయన ఉన్నప్పుడు నేను ఎక్కడికి బయలుదేరినా స్కూటర్ మీద బస్టాండు దాకా దింపేవాడు. "ఊరందరి మాటలు ఇంటవ్, నా ఒక్కని మాట ఇనవ్" అని ఎగతాళి చేసి పోయేవాడు. ఆయన పోయి నాలుగేళ్ళు. ఇప్పుడు ఆటో ఎక్కుతాను. అలవాటైపోయింది.

కోస్గి: రొట్టె, తంబాకు

ఎట్లాగూ పోతున్నాను గనక దారిలో ఇంకో ఇద్దరికి కూడా నా రాతలు చూపిద్దామనుకున్నాను. మొదట కోస్గి. ఎండ బస్సు కంటే ముందే వచ్చి కూర్చుంది అక్కడ. ఈ కథనంలో పేర్లన్నీ మార్చాను. కాబట్టి ఆమెను ఎస్తేరమ్మ అందాం. బొంబాయిలో బిల్డింగుల పనికి పోయి, ఏళ్ళకేళ్ళు ఇటుకలు మోసి తిరిగొచ్చిన మనిషి. ఇప్పుడు ఊర్లోనే కూలికి పోతుంది, ఆదివారం చర్చికి పోతుంది.

నన్ను చూడగానే "తిన్నవా?" అంది. తిన్నానన్నా వినలేదు. పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె కొట్టడం మొదలుపెట్టింది. మా నల్లగొండలో జొన్నరొట్టె అంటే షుగర్ వచ్చినవాళ్ళ తిండి. సాయంత్రం బండి మీద కొనుక్కుని, డాక్టర్ను తిట్టుకుంటూ తింటాం. ఇక్కడ అది అన్నం కంటే ముందు పుట్టిన తిండి. రొట్టె మీద పచ్చిమిరపకాయ తొక్కు, పక్కన ఉల్లిగడ్డ. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తినడం ఆపలేకపోయాను.

తిన్నాక నా రాతలు తీశాను. "బొంబాయిలో మీ ఊరు గుర్తొచ్చేదా?" అని నేను అడిగినప్పుడు ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం గురించి నేను ఒక పేజీ రాశాను. మాటలకు అందని దుఃఖం అనీ, గొంతులో ఆగిపోయిన ఊరు అనీ. అదంతా చదివి వినిపించాను.

ఎస్తేరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ గోడకు ఆనుకుంది.

"అయ్యో మేడం! గప్పుడు నా దవడల తంబాకు ఉండె. కాలేజీ మేడం ముంగట ఎట్ల ఉమ్మాలె? నువ్వేమో మిషిన్ నోటికాడ పెడితివి. నేనేం మాట్లాడుదు?"

ఏం చెప్పను! ఆ పేజీని ఒక సదస్సులో కూడా చదివాను. చప్పట్లు కొట్టారు. సిగ్గుతో పెన్ను తీసి పేజీకి అడ్డంగా గీత పెట్టబోయాను.

"ఉండు ఉండు, కొట్టెయ్యకు. గుర్తుకు రాలేదని అంటలేను" అని చెయ్యి అడ్డం పెట్టింది. నవ్వు ఆగిపోయింది. "ఆడ వాన పడితే పని బందు. పని బందైతే కూలి బందు. అందరం కలిసి వానను తిడుతుంటిమి. గప్పుడు మా కోస్గి యాదికొచ్చేది. ఈడ వాన కోసం నేను మోకాళ్ళ మీద పడి ప్రార్థన జేసిన. గదే నోటితోని ఆడ తిడుతున్న గదా అని ఏడుపొచ్చేది. గిది రాస్కో."

రాసుకున్నాను. తంబాకు సంగతి కూడా రాయమంది. రాస్తున్నాను.

వచ్చేటప్పుడు, "ఒక్కదానివే తిరుగుతున్నవ్, సారు తోడు రాడా?" అని అడిగింది. ఆయన పోయి నాలుగేళ్ళయిందని చెప్పాను. "అలవాటైపోయింది ఎస్తేరమ్మా" అన్నాను. "గట్లనా" అని ఇంకో రొట్టె మడిచి నా సంచిలో పెట్టింది.

ఆత్మకూర్: పేరు గొడవ

మహబూబ్‌నగర్ మీదుగా ఆత్మకూర్ చేరేసరికి నా చెప్పు తెగింది. ఎండాకాలం మధ్యాహ్నం, బస్టాండులో, ఎడమకాలి చెప్పే. కుడికాలి మీద గెంతుకుంటూ నీడకు పోతుంటే సోడాబండి ఆయన "మేడం, డ్యాన్స్ మంచిగ జేస్తున్నరు" అన్నాడు. కోపంగా చూశాను. గోలీసోడా ఉచితంగా ఇచ్చాడు. చెప్పు కుట్టించుకునేదాకా తన స్టూలు కూడా ఇచ్చాడు. మా ఊళ్ళో అయితే ముందు స్టూలు ఇచ్చి తర్వాత ఎగతాళి చేస్తారు. ఇక్కడ వరస తిరగబడింది.

ఇక్కడ నేను కలవాల్సిన పెద్దాయన చేపలు వేయించి అమ్ముతాడు. జూరాల నీళ్ళలో వాళ్ళ పొలం మునిగింది. ఆ నీళ్ళలో పట్టిన చేపలే ఇప్పుడు ఆయన బతుకు. నా రాతలు తీసేలోపే విస్తరాకులో వేడి చేపముక్కలు పెట్టాడు. పైన కారం, నిమ్మరసం, కొత్తిమీర. నల్లగొండలో ఇంత చేపకు నూటయాభై అడుగుతారు, అదీ నిన్నటిది. ఇక్కడ అందులో సగం. ముల్లు గుచ్చుకున్నా రుచి పోలేదు.

చదివి వినిపించాను. అర్థం విషయంలో ఆయనకేమీ పేచీ లేదు. తల ఊపుతూ విన్నాడు. కానీ మధ్యలో "ఎల్లయ్య ఎవలు?" అన్నాడు.

"మీరే. మీ అసలు పేరు రాయకూడదు కదా, అందుకని..."

అట్లకాడ కింద పడేశాడు. "ఎల్లయ్యనా? ఎల్లయ్య అంటే గట్టు పంచాది పెట్టినోడు! వానితోని నాకు మాటల్లెవ్వు. నా మాటలన్నీ తీస్కపోయి వాని నోట్లె పెడితివా?"

నేను ఏదో నోటికొచ్చిన పేరు పెట్టానని ఎంత చెప్పినా వినడే! ఊర్లో వాళ్ళు చదివితే ఎల్లయ్య గొప్పోడు అనుకుంటారట. నాకూ చిరాకు పుట్టింది. మాదొక నియమం, మీ మంచి కోసమే అని గొంతు పెంచాను. చేపలు తినేవాళ్ళు చేతులు ఆపి మమ్మల్ని చూశారు.

చివరికి "సరే, మీరే ఒక పేరు చెప్పండి" అన్నాను.

ఆయన ఆలోచించాడు. మూకుడులో చేప మాడుతున్నా చూసుకోలేదు.

"బుడ్డన్న అని పెట్టు. మా బాపు పేరు. మునిగింది గాయన జాగనే గద. పట్టాల పేరు పాయె, పుస్తకంలనన్న ఉండనీ."

పెట్టాను. చెయ్యి కడుక్కుని నా చేతిలో కాగితం తీసుకుని, ఆ పేరున్న చోట వేలితో తడిమి చూశాడు. నూనె మరక పడింది. అది అట్లాగే ఉంది ఇప్పటికీ.

ఆ సాయంత్రం వనపర్తి బస్సులో కూర్చుని లెక్క వేసుకున్నాను. ఇద్దరూ నన్ను దిద్దారు. ఇద్దరూ ఏదో ఒకటి కలిపే ఇచ్చారు. కానీ రేపు కలవబోయే మనిషి తీసుకుపోవడానికే పిలిచింది. ఖాలా మాట పోతే ఆ అధ్యాయంలో మిగిలేది నా మాటలే. నా మాటలు ఎవరికి కావాలి? కిటికీలో ఎండిన చెలకలు వెనక్కి పోతున్నాయి. పక్క సీటు ఖాళీగా ఉంది. మా ఆయన ఉంటే ఇంటికెళ్ళాక ఇవన్నీ చెప్పి నవ్వించేదాన్నే అనిపించింది. సంచిలోంచి ఎస్తేరమ్మ రొట్టె తీసి తిన్నాను.

కొల్లాపూర్: ఆగిన కుట్టుమిషన్

కొల్లాపూర్‌లో ఎండాకాలం అంటే మామిడిపండ్లే. బస్సు దిగగానే వాసన. రహీమా ఖాలా ఇంట్లో కూడా బకెట్ నిండా నీళ్ళలో పండ్లు నానేశారు. బేరమాడి నేను కొనుక్కొచ్చిన కిలో పండ్లను ఖాలా పట్టుకు చూసి, "నిన్ను ఏమార్చిండు బిడ్డా, ఇవి పులుపు" అని పక్కన పెట్టేసింది.

ఇల్లంతా మూడేళ్ళ కిందటిలాగే ఉంది. ఒక్కటే తేడా. గుమ్మం పక్కన కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి ఉంది.

ఆ మిషన్ ఆమె భర్త ఖాజామియాది. మునిగిన ఊళ్ళో దర్జీ, కొల్లాపూర్ వచ్చాక కూడా దర్జీ. మూడేళ్ళ కింద నేను ఖాలా మాటలు రికార్డు చేసేటప్పుడు ఆయన మిషన్ తొక్కుతూ ఉన్నాడు. ఆ చప్పుడు రికార్డులో పడుతున్నదని, జర ఆపమని నేనే అడిగాను. ఆపి అక్కడే కూర్చుని మా మాటలు వింటూ ఉన్నాడు. పోయిన చలికాలంలో చనిపోయాడని షాహీన్ చెప్పింది. మా ఆయన పోయిన సంగతి ఆమెకు నేనూ చెప్పాను.

ఖాలా చాయ్ తెచ్చింది. నేను ఇంక ఆగలేక, "ఎందుకు వాపస్ ఖాలా? మంచి మాట కదా అది" అన్నాను.

"మంచిదే. కానీ అబద్ధం."

చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"ఊరు మునిగినంక గాయిన అన్నం ముట్టకపోయేది, బిడ్డా. కత్తెర వట్టకపోయేది. ఊకె గోడకు కూసుండేది. పిల్లలు చిన్నగున్నరు. ఒకలు ఏడ్సుకుంట కూసుంటే ఇంకొకలు పొయ్యి అంటువెట్టాలె గద! నేను మర్చిపోయిన, నువ్వు గూడ మర్చిపో అన్న. గప్పటిసంది గదే మాట మీదున్న. నువ్వు అడిగిననాడు గూడ గాయిన పక్కనే ఉండె. వేరే మాట ఎట్ల చెప్పుదు?"

"ఆయన కూడా మర్చిపోయాడా?"

"యాడ! ఎండకాలం రాంగనే, నీళ్ళు తగ్గంగనే పోయి ఊరి జాగ చూసొచ్చేటోడు. నన్ను రమ్మనేటోడు. నేను ఒక్కసారి గూడ పోలే. పోతే నా మాట అబద్ధమైతది గద."

షాహీన్ వంటింటి తలుపు దగ్గర నిలబడి వింటున్నది.

"ఇప్పుడు గాయిన లేడు. ఇంక ఎవల కోసం చెప్పాలె గా అబద్ధం?" అంది ఖాలా. "నువ్వేమో పుస్తకంల రాస్తనంటివి. నేను పోయినంక నా మనుమలు చదివి, మా దాదీకి ఊరంటే లెక్కనే లేదు అనుకుంటరు. గది మాత్రం వద్దు బిడ్డా. నా మాట నాకియ్యి."

నేను సరేనన్నాను. ఏమంటాను? అధ్యాయం పోయింది. పోతే పోనీ అని పైకి అన్నానుగానీ లోపల ఏడుపొచ్చింది. అన్నేళ్ళు ఆ మాట చుట్టూ తిరిగి, ఆ మాట అన్నప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారో ఆలోచించలేదు.

ఖాలా నా గ్లాసులో ఇంకొంచెం చాయ్ పోసి, "రేపు నన్ను జర తోల్కపోతవా? గా ఊరికి" అంది.

నీళ్ళు తగ్గిన చోట

పొద్దున్నే అబ్బాస్ ఆటోలో బయలుదేరాం. కృష్ణ బాగా కిందికి దిగిపోయింది. నీళ్ళు పోయిన చోట తెల్లగా బీటలు పారిన ఒండ్రు, నత్తగుల్లలు, రాళ్ళ కుప్పలు. మా నల్లగొండ వాళ్ళకు ఎండాకాలం అంటే చెరువు అడుగు చూడటం. ఇక్కడ ఎండాకాలం అంటే ఊరు చూడటం. నీళ్ళు తగ్గగానే మునిగిన ఊళ్ళవాళ్ళు అన్నం కూర కట్టుకుని వచ్చి, తమ ఇల్లున్న చోట కూర్చుని తిని పోతారు. పుట్టింటికి వచ్చినట్టు వస్తారు. అప్పటికే రెండు కుటుంబాలు వచ్చి ఉన్నాయి. ఒకామె మూడు రాళ్ళు పెట్టి చాయ్ కాస్తున్నది. ఇది మా వంటిల్లు అని నాకు చెప్పింది. అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు.

ఖాలా నడవలేక నా భుజం పట్టుకుంది. ఎటు చూసినా రాళ్ళే. ఇటంటుంది, కాదు అటంటుంది. వీధి ఏదో గుర్తుపట్టలేకపోయింది.

చాయ్ కాస్తున్నామె భర్త లేచి వచ్చాడు. "ఎవలింటోళ్ళమ్మా?"

"దర్జీ ఖాజామియా ఇంటోళ్ళం."

"అరె, చాచీ! గిటు రా." ఆయన ముందు నడిచాడు. "ఖాజా చాచా ఎండకాలం ఎండకాలం వచ్చేటోడు గద. నీళ్ళకు గడపరాయి జరిగిపోతే మళ్ళ సరిజేసి పోయేటోడు. ఈసారి రాకపోతే, ఏమాయెనో అనుకున్న."

ఒక పొడవాటి రాయి. మిగిలిన రాళ్ళన్నీ చెల్లాచెదురుగా ఉంటే అదొక్కటే తిన్నగా, తలుపు కోసం ఎదురుచూస్తున్నట్టు పడి ఉంది. ఖాలా దాని మీద కూర్చుంది. కాసేపు ఏమీ అనలేదు. (దవడలో తంబాకు లేదు, చూసుకున్నాను.)

తర్వాత మొదలుపెట్టింది. ఇక్కడ పొయ్యి, ఇక్కడ మిషన్, ఇటువైపు వెలుతురు కోసం కిటికీ. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు కిటికీలోంచి ఎవరో ఒకరు కొలతలకు తొంగిచూస్తుంటే సిగ్గుతో మూలకు పోయి నిలబడేదట. వరద వచ్చిన ఏడాది ఇంట్లోకి తేలు వచ్చిందట, ఆయన కత్తెరతో చంపాడట. ఆమె చెబుతూనే ఉంది. ఆమె అనుమతితోనే రికార్డర్ పెట్టాను. ఏదీ మర్చిపోలేదు. చెప్పడానికి ఇప్పుడు స్వేచ్ఛ దొరికింది, వినాల్సిన మనిషి లేడు. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

మాటలు అయిపోయాక ఖాలా అడిగింది. "గప్పటి నా మాట ఉన్నదాంట్ల గాయిన గొంతు గిట్ల ఉన్నదా?"

"లేదు ఖాలా. ఆయన ఏం మాట్లాడలేదు."

"అయినా పెట్టు జర."

ఫోన్లో ఉన్న పాత రికార్డు వెతికి పెట్టాను. గాలి రొదలో ఖాలా గొంతే వచ్చింది, నవ్వుతూ: "మర్చిపోయిన. నేను ఎప్పుడో మర్చిపోయిన."

ఆ వెంటనే దూరంగా, "ఊఁ" అని ఒక మగ గొంతు.

నేను ఆ రికార్డు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ 'ఊఁ'ను ఎప్పుడూ రాయలేదు. దాన్నొక మాట కింద జమ చెయ్యలేదు.

ఖాలా నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "మళ్ళ పెట్టు."

పెట్టాను. "మళ్ళ." మళ్ళీ పెట్టాను.

"ఎరికే!" అంది. కళ్ళనిండా నీళ్ళు, మొహంలో నవ్వు. "గాయినకు ఎరికే బిడ్డా! నమ్మితే గాయిన 'అచ్ఛా' అంటడు. జీవితమంత గంతే. నమ్మకుంటేనే 'ఊఁ' అంటడు. బట్ట తక్కువ దెచ్చి సరిపోతదనే గిరాకీతోని గట్లనే అంటుండె. యా అల్లా! గిన్నేండ్లు నేను గాయిన్ని ఏమార్చిన అనుకున్న. ఏమారినట్టుండి నన్నే ఏమార్చిండు గాయిన!"

దుపట్టాతో మొహం కప్పుకుంది. నేను పక్కన ఆ గడపరాయి మీదే కూర్చున్నాను. ఇద్దరికీ సరిపోయింది.

చాలాసేపటికి, "మరి ఆ మాట తీసెయ్యనా ఖాలా?" అని అడిగాను.

"వద్దు. ఉండనియ్యి. దాని కింద గాయిన 'ఊఁ' గూడ రాయి. చదివినోళ్ళకు తెల్సిపోతది."

అవతల కుటుంబం వాళ్ళు మాకు కూడా చాయ్ తెచ్చిచ్చారు. ఎండ ఎక్కుతున్నది. ఆటో అబ్బాస్ దూరం నుంచి హారన్ కొట్టాడు. ఖాలా లేవలేదు. చాయ్ తాగుతూ నన్ను పరీక్షగా చూసింది. ఈ పనిలో ఇన్నేళ్ళున్నాను గానీ నన్నెవరూ అట్లా చూసి ఏమీ అడగలేదు.

"మరి నీ ఆయన గూడ లేడని షాహీన్ చెప్పె. ఒక్కదానివే ఎట్లుంటున్నవ్ బిడ్డా?"

"అలవాటైపోయింది ఖాలా" అన్నాను.

ఖాలా నీళ్ళ వైపు తిరిగి, "ఊఁ" అంది.